అమావాస్య నాటి తనిఖీలు

ఆ రోజు నేను చేసిన తప్పు ఒక్క వాక్యం. "తనిఖీ సమయంలో కేంద్రంలో పిల్లలు ఎవరూ లేరు" అని రాసి, కింద సంతకం చేసి, హోదా ముద్ర వేశాను. ఆ వాక్యంలో అబద్ధం లేదు. నిజంగానే పిల్లలు లేరు. ఎందుకు లేరో ఆ కేంద్రం నడిపే మనిషి నా ఎదురుగా నిలబడి చెప్పింది. అది మాత్రం రాయలేదు.

ధర్మవరంలో మగ్గాల వీధుల వెనక ఒక రేకుల షెడ్డులో రహమత్‌బీ అనే ఆవిడ బాలవాడి నడిపేది. కండెలు చుట్టడానికి, పట్టునూలుకు రంగులేసే షెడ్లలో కూలికి పోయే ఆడవాళ్లు పొద్దున పిల్లల్ని ఆమె దగ్గర వదిలి, సాయంత్రం తీసుకుపోయేవాళ్లు. ఆ వీధుల్లో ఇంట్లో మగ్గం గుంత, బయట సలసల కాగే రంగునీళ్లు. అప్పుడప్పుడే నడక నేర్చిన పిల్లకు నిలబడే చోటు లేదు. పురపాలక నిధుల్లోంచి ఏటా వచ్చే చిన్న సాయంతోనే ఆ షెడ్డు అద్దె, పిల్లల మధ్యాహ్నపు తిండి నడిచేవి. ఆ సాయం ఉంటుందా పోతుందా అన్నది నా రిపోర్టు మీద ఆధారపడేది.

నేను వెళ్లేసరికి ఆమె చాపలు ఉతికి గోడ మీద ఆరేస్తోంది.

"పిల్లలేరమ్మా?" అన్నాను.

"ఈ పొద్దు అమాస కద సార్. మగ్గాలు నిలిపేసినారు. తల్లులంతా ఇండ్లకాడే ఉండారు. ఇంగ పిల్లోళ్లను ఈడికెందుకు పంపిస్తారు?"

"రిజిస్టరు?"

"చూడండి. నిన్నటిదాకా వేసిండాను. రేప్పొద్దున రాండి సార్, ఈడ కాలు పెట్టే సందు ఉండదు."

"రేపు నాకు బండి లేదమ్మా."

ఆమె చేతిలో తడి చాప అట్లాగే పట్టుకుని నావైపు చూసింది. "మీకు బండి లేకుంటే మాకు పిల్లోళ్లు లేనట్లేనా సార్?" అంది.

నాకు కోపం వచ్చింది. ఆ కోపంలోనే రాశాను.

ఆ ఉద్యోగం ఏమిటంటే

ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. తొంభైల్లో హిందూపురంలో, రెండు వేల తర్వాత ధర్మవరంలో పనిచేశాను. కాపురం పెనుకొండలో. రెండు ఊళ్లకూ మధ్యలో ఉంటుంది, రైలు సౌకర్యం. ఎప్పుడే మెట్టు ఎక్కానో, ఎవరు నాకంటే ముందు ఎక్కారో మీకు అక్కర్లేదు.

కాలువలు, దీపాలు, నీళ్లు, జీతాలు అన్నీ పోగా పట్టణ పాలకవర్గం దగ్గర కాస్త సొమ్ము మిగులుతుంది. దాన్ని ఊళ్లో జనానికి సేవ చేసే చిన్నచిన్న సంస్థలకు సాయంగా ఇస్తారు. బాలవాడి, ముసలివాళ్ల ఆశ్రమం, చెవిటి పిల్లల బడి, కుట్టుపని నేర్పే చోటు. అడిగేవాళ్లు ఎక్కువ, ఇచ్చేది తక్కువ. ప్రతి కౌన్సిలర్‌కూ తన వార్డులో ఒక సంస్థ ఉంటుంది, లేకపోతే పుట్టుకొస్తుంది. ఏడాదంతా కదలని ఫైలు మార్చిలో పరుగెత్తుతుంది. ఎవరు నిజంగా పనిచేస్తున్నారో చూసి రాయడం నా పని.

చూడడానికి నాకిచ్చిన ఫారం గురించి ఇప్పటికీ తల్చుకుంటే చిరాకే. భవనం పక్కాదా కాదా. బోర్డు ఉందా. బోర్డు మీద సాయం చేసినవారి పేరు ఉందా. తనిఖీ సమయంలో హాజరైనవారు ఎందరు. ఈ సంస్థ రేపు మూతపడితే ఎవరికి ఏమవుతుంది అనే గడి అందులో లేదు. రహమత్‌బీకి బోర్డు లేదు. బోర్డు రాయించే డబ్బుతో ఆమె రెండు చాపలు కొంది. దానికి నేను "బోర్డు లేదు" అని రాశాను. ఇన్నేళ్ల సర్వీసులో ఆ ఫారం మార్చమని ఒక్క కాగితం పెట్టలేదు. ఫారాన్ని తిట్టుకుంటూ నింపడమే పని అనుకున్నాను. తిట్టుకోవడం వల్ల నేను వేరే రకం మనిషినని నమ్మకం కూడా.

సగం నేర్చుకున్న పాఠం

హిందూపురంలో నా మొదటి కమిషనర్ నిక్కచ్చి మనిషి. ఒకసారి నా రిపోర్టు చదివి పిలిపించాడు.

"ఏమప్పా, వాళ్లు చెప్పింది రాసుకొచ్చినావు. దానికి నువ్వెందుకు? పోస్టుకార్డు చాలదా? కండ్లతో చూసింది రాయి."

అందరి ముందూ అన్నాడు. చెవులు కాలాయి. ఆ రోజు నుంచి కళ్లతో చూసిందే రాశాను, చెప్పిందేదీ రాయలేదు. మంచి పాఠమే. కానీ ఆయన ఏ సంస్థకైనా మూడుసార్లు పోయేవాడు, పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, నాలుగు రోజులాగి ఇంకోసారి. టీ తాగే వంకతో పక్కింటివాళ్లతో మాట్లాడేవాడు. నేను ఆయన మాట పట్టుకున్నాను, నడక పట్టుకోలేదు. పది నిమిషాలు చూసి, చూసింది రాస్తున్నాను కదా, ఇంక నన్నెవరు తప్పుపడతారు అనుకున్నాను.

జీపు

ఆఫీసుకు ఉన్నది ఒక్క జీపు. దాని మీద హక్కుదారులు చాలామంది. చైర్మన్ పర్యటన, ఎక్కడో పగిలిన పైపు, పన్నుల వసూలు, పైనుంచి వచ్చే పెద్దమనుషులు. నా తనిఖీలు ఆ వరసలో ఎప్పుడూ చివర. ఏ ఊళ్లో అయినా నా ఉద్యోగమంతా ఈ జీపు కోసం కాసుకోవడమే.

ధర్మవరంలో డ్రైవరు ఓబులేసు. హిందూపురంలో ఇంకో ఆయన. ఇద్దరూ నాకు చెప్పిన ఉపాయం ఒకటే.

"సార్, రేపు అమాస. పెద్దాయన గడప దాటడు. టెండర్లు తెరవరు. కాంట్రాక్టర్లు కూడా రారు. బండి మీకే. యాడికి పోదామో చెప్పండి."

చైర్మన్లు మారారు, పార్టీలు మారాయి, అమావాస్య నాడు జీపు ఖాళీగా ఉండడం మారలేదు. నాకు అది దొరికిన వరంలా ఉండేది. ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. ఊరంతా జంకే రోజున పని చేసే ఏకైక ఆఫీసర్ని అని గర్వం ఉండేది. టైపిస్టు దగ్గర నవ్వుతూ చెప్పుకునేవాణ్ణి. మంచిరోజు, చెడ్డరోజు చూసేవాళ్లంటే చులకన. వాళ్ల క్యాలెండర్ ప్రకారమే నా పర్యటనలు నడుస్తున్నాయని నాకు తట్టలేదు.

హిందూపురంలో ఊరి చివర ముసలివాళ్లకు ఆశ్రమం ఒకటి ఉండేది. నేను పోయినప్పుడల్లా అక్కడ పండగే. వరండా నిండా జనం, విస్తళ్లు, పప్పు, పాయసం. నిర్వాహకుడు చేతులు జోడించి, "ముందు భోంచేయండి సార్, తనిఖీ యాడికి పోతుంది" అనేవాడు.

"రోజూ ఇంతమంది ఉంటారా?" అని అడిగాను ఒకసారి.

"దేవుడు నడిపిస్తాండాడు సార్. దుడ్లే చాలవు."

ఔననలేదు, కాదనలేదు. నేను కళ్లతో చూశాను కదా. "ఆశ్రమం నిండుగా, శుభ్రంగా నడుస్తున్నది, సాయం పెంచవచ్చు" అని రాశాను. పెంచారు. మరుసటి ఏడూ అదే రాశాను. అమావాస్య నాడు చనిపోయిన పెద్దల పేరు చెప్పి ఊళ్లో వాళ్లు అక్కడికి అన్నం పంపుతారని, ఆ అన్నం కోసం బస్టాండు దగ్గరివాళ్లంతా వచ్చి కూర్చుంటారని ఆలోచించలేదు. మా ఇంట్లో కూడా ఆ రోజు మా నాయన పేరు చెప్పి ఎవరికో ఒకరికి పెట్టేవాళ్లమే.

షెడ్డు మూత

రహమత్‌బీ సంగతి కౌన్సిల్ సమావేశంలో అర నిమిషంలో తేలిపోయింది. గుమస్తా నా వాక్యం చదివాడు. "పిల్లోళ్లు లేని బాలవాడికి సాయమెందుకప్పా, చాపలు నిద్రపోనీకా?" అన్నాడు ఒక కౌన్సిలర్. నవ్వారు. వెనక కుర్చీలో కూర్చుని నేనూ నవ్వాను.

ఆమె ఆఫీసుకు రెండుసార్లు వచ్చింది. మొదటిసారి బెంచీ మీద కూర్చోబెట్టి, మధ్యాహ్నం దాకా కూర్చోబెట్టి, తీరిక లేదని పంపించాను. రెండోసారి "ఫైలు పైకి పోయిందమ్మా, నా చేతిలో ఏం లేదు" అన్నాను. ఈ మాట మీరూ అంటారు. అనేముందు ఆ ఫైలు పైకి పంపిన చెయ్యి ఎవరిదో ఒకసారి చూసుకోండి. ఆమె రెండు నెలలు ఎలాగో లాక్కొచ్చి, తాళంచెవి షెడ్డు యజమానికి ఇచ్చేసింది.

ఒక రోజు ఓబులేసు నన్ను స్టేషను దగ్గర దింపుతూ ముందుకే చూస్తూ అన్నాడు. "సార్, రంగుల షెడ్డుకాడ ఒక పాప కాళ్లు కాలినాయంట. రహమత్‌బీ కాడ ఉండే పాపే."

రైలెక్కలేదు. ఆసుపత్రికి పోయాను. పాప పేరు అనిత, రెండున్నరేళ్లు. తల్లి లక్ష్మీదేవి రంగుల షెడ్డులో నూలు ఉతికే కూలి. బాలవాడి మూసేశాక పాపను వెంట తీసుకుపోతోంది. గంగాళం వంచినప్పుడు మరిగే నీళ్లు నేల మీద పారి పాప పాదాల కిందికి వచ్చాయి. రెండు కాళ్లకూ చీలమండల దాకా కట్లు.

"మీరెవురు సార్?" అంది లక్ష్మీదేవి.

"మునిసిపాలిటీ" అన్నాను.

ఆమె లేచి నిలబడింది. "బాలవాడి మళ్లా తెరుస్తారా సార్? అది చెప్పనీకే వచ్చినారా? నేను వారంలో పనికి పోవాల. పోకుంటే ఇంగొకర్ని పెట్టుకుంటారు. ఈ పాపను ఎత్తుకోని ఆ నీళ్ల మధ్యలోకి మళ్లా యాడ పోయేది?"

చూస్తాను అన్నాను. నా ఉద్యోగంలో ఎక్కువసార్లు అన్న మాట అది.

పాత క్యాలెండర్లు

పెనుకొండలో ఇంటికి పోయి నా భార్య సరోజమ్మకు చెప్పాను. ఆమె చివరిదాకా విని, "అమాస పొద్దు పోయినారా?" అంది. "మగ్గాలోళ్లు ఆ పొద్దు నూలు ముట్టరు. పసిపిల్లోనికి తెలుసు. మీకు తెల్దా?"

తెలుసు. అదే నా బాధ. తెలియకపోతే పొరపాటు అనుకోవచ్చు. ఆ ప్రాంతంలో పుట్టి పెరిగినవాణ్ణి. తెలిసిన సంగతిని ఆఫీసు గుమ్మం బయట చెప్పుల్లాగా విడిచి, లోపలికి పోయేవాణ్ణి.

పాల లెక్క కోసం ఆమె గోడ క్యాలెండర్లు పారేయకుండా మేకుకు తగిలించి దాచేది. వాటిని కిందికి దించి, నా పర్యటన డైరీలు పక్కన పెట్టుకుని కూర్చున్నాను. క్యాలెండర్లో అమావాస్యకు నల్లటి చుక్క ఉంటుంది. నేను పోయిన తేదీ తర్వాత తేదీ, చుక్క మీద చుక్క. హిందూపురం రోజుల నుంచి దాదాపు అన్నీ అవే.

సరోజమ్మ నా భుజం మీదుగా చూసింది. "ఇన్నేండ్లూ మీరు ఊరిని ఒక్క పొద్దే చూసినారు" అని లోపలికి పోయింది.

మర్నాడు సెలవు పెట్టి బస్సులో హిందూపురం పోయాను. మామూలు రోజు. ఆశ్రమం వరండాలో వేరుశనగ మూటలు. వంటింట్లో పొయ్యి చల్లగా ఉంది. ఇద్దరు ముసలివాళ్లున్నారు, అందులో ఒకామె నిర్వాహకుడి అత్తగారు. ఇన్నేళ్లయినా అతను నన్ను గుర్తుపట్టాడు.

"ఏం సార్, ఈ పొద్దు వచ్చినారు? మీరు అమాసకు కద వచ్చేది?" అన్నాడు. వెటకారం కాదు. నిజంగా ఆశ్చర్యపోయాడు.

అతని మీద కోపం తెచ్చుకోలేకపోయాను. నాకోసం వేషం కట్టలేదు, జనాన్ని అద్దెకు తేలేదు. అడిగిన రోజున ఉన్నదే చూపించాడు. సాయం పెంచింది నేను. అటు ధర్మవరంలో బాలవాడి మూతపడింది కూడా నా చేత్తోనే. కాబట్టి కొత్తవాళ్లకు ఒక్క మాట. బండి దొరికిన రోజు కాదు, వాళ్లకు పని ఉన్న రోజు పోండి. ఆ రోజు ఏదో ముందు కనుక్కోండి. బండి లేకపోతే నడవండి. ఈ ఊళ్లు ఎంత పెద్దవని?

తర్వాత

కమిషనర్‌కు ఒక నోటు రాశాను. నా నివేదిక తప్పుదోవ పట్టించేది, ఆ రోజు అమావాస్య అని నాకు చెప్పినా నేను దాచాను, దాని వల్లనే కేంద్రం మూతపడింది అని. అప్పటి కమిషనర్ నాకంటే చిన్నవాడు, చెడ్డవాడు కాదు.

"ఎందుకండీ ఇది? ఫైల్లో పెడితే మీకే చుట్టుకుంటుంది. మళ్లీ తనిఖీ చేసినట్టు రాసేయండి, అయిపోతుంది" అన్నాడు.

"ఏం తనిఖీ చేసేది సార్? ఇప్పుడు ఆడ తాళం తప్ప ఏం లేదు."

నోటు ఫైల్లో పెట్టమన్నాను. తర్వాత ఒక ఇంక్రిమెంటు ఆపారు. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు, పాప కాళ్ల ముందు అది ఎంత. సాయం తిరిగి ఇస్తామని కౌన్సిల్ ఒప్పుకుంది, కానీ వచ్చే బడ్జెట్ నుంచి. అప్పటిదాకా షెడ్డు అద్దె, పిల్లల తిండి ఖర్చు నేనే పెట్టుకున్నాను. హిందూపురానికీ ఒక ఉత్తరం రాశాను. ఆ విషయం ఇప్పుడు మీ పరిధిలోది కాదని జవాబు వచ్చింది. ఆ తర్వాత ఏం చేశారో నాకు తెలియదు.

రహమత్‌బీని వెతుక్కుంటూ పోయాను. ఎవరి ఇంట్లోనో కండెలు చుడుతోంది. నన్ను చూసి చెయ్యి ఆపలేదు.

"ఏం సార్, బండి దొరికిందా?"

"నడిచొచ్చినానమ్మా. షెడ్డు తెరవాల."

"తాళంచెవి ఇస్తే తెరుచుకుంటాది. తల్లులు పంపించొద్దా? ఒకసారి మూసినోళ్లు మళ్లా మూయరని యాడుండాది నమ్మకం? మూసింది నేననుకుంటాండారు వాళ్లంతా. నేను పోయి అడగను. మీరే పోండి. ఇంటింటికీ పోయి, మీరు రాసిన మాట మీ నోటితో చెప్పండి. అప్పుడు వస్తా."

నెల రోజులు ఆర్జిత సెలవు పెట్టాను. మొదటి నాలుగు రోజులు ఆ వీధుల్లోనే. రహమత్‌బీ గడప బయట నిలబడేది, నేను చెప్పేవాణ్ణి. ఆఫీసులో రాసినంత తేలిక కాదు అది. ఒక ముసలాయన మగ్గం గుంతలోంచి తలెత్తకుండానే అన్నాడు: "అమాస పొద్దు వచ్చి పిల్లోళ్లు లేరని రాసిన సారు నువ్వేనా? ఆదివారం పూట బడికి పోయి ఐవార్లు లేరని కూడా రాసుకో పో." మగ్గం మీద ఉన్న కోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. షెడ్డు తెరిచిన పొద్దున అందరికంటే ముందు ఆమే తన కొడుకును తెచ్చి వదిలింది.

లక్ష్మీదేవి ఇంటికి చివర పోయాను. ముందు పోయే ధైర్యం లేక. అంతా చెప్పాను. ఆమె వంగి పాప కట్టు సర్దింది.

"మీరు రాసినందుకా?" అంది.

"ఔనమ్మా."

"ఇంగిప్పుడు నన్నేం చేయమంటారు? రంగుల షెడ్డు ఆ కొసన, బాలవాడి ఈ కొసన. ఇది కాలు కింద పెట్టలేదు. పొద్దన్నే దీన్ని ఆడికి మోసి, మళ్లా పనికి పోతే లోపలికి రానీరు. ఎవురు మోస్తారు?"

"నేను మోస్తా."

"మీరా?" అంది. రహమత్‌బీ వైపు చూసింది. రహమత్‌బీ తల ఊపింది.

మర్నాటి నుంచి పొద్దున రైలు దిగి నేరుగా రంగుల షెడ్డు దగ్గరికి పోయేవాణ్ణి. లక్ష్మీదేవి గేటు దగ్గర పాపను నా చేతికిచ్చి, కట్టు తగలకుండా ఎట్లా పట్టుకోవాలో ప్రతిరోజూ చెప్పేది. పాప మొదటి మూడు రోజులు దారి పొడుగునా ఏడ్చింది. నా కళ్లద్దాలు రెండుసార్లు లాగి పారేసింది. పగలంతా బాలవాడి షెడ్డులోనే ఉండేవాణ్ణి. నీళ్లు తెచ్చేవాణ్ణి, అన్నం తినని పిల్లల వెంట గిన్నె పట్టుకుని తిరిగేవాణ్ణి. రహమత్‌బీ నాకు పని చెప్పడానికి మొదట మొహమాటపడింది, వారానికి అది పోయింది. సాయంత్రం మళ్లీ పాపను ఎత్తుకుని తల్లి దగ్గరికి.

సెలవు అయిపోయే ముందు రోజు, కట్లు విప్పేశాక, వీధి మలుపులో పాప నా భుజం మీద కొట్టి కిందికి దించమంది. దించాను. మూడు అడుగులు వేసి కూర్చుంది. లేచి ఇంకో నాలుగు వేసింది. మళ్లీ చేతులు చాపింది.

మర్నాడు పొద్దున్నే ఆఫీసుకు పోయి, సెలవు ఇంకో రెండు వారాలు పొడిగించమని రాసిచ్చి, రంగుల షెడ్డు గేటు దగ్గరికి పోయాను.